డ్రాయింగ్ టాబ్లెట్ ఎంపిక: ముందు పెన్ను, తర్వాతే స్క్రీన్

ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో ‘డ్రాయింగ్ టాబ్లెట్’ అని వెతికితే కొన్ని వందల రూపాయల వస్తువు నుంచి లక్ష దాటిన వస్తువు దాకా అన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చేస్తాయి. వాటిలో బాగా చవకగా ఉండేవి పిల్లలు గీసి, బటన్ నొక్కి చెరిపేసే ఎల్‌సీడీ పలకలు. వాటికీ కంప్యూటర్‌కీ సంబంధం లేదు, గీసిన బొమ్మ ఎక్కడా సేవ్ కాదు. అయినా పేరు ఒకేలా ఉండటం వల్ల పొరపాటున వాటికి ఆర్డర్ పెట్టేస్తుంటారు. వాటిని పక్కన పెడితే నిజంగా బొమ్మలు వేయడానికి పనికొచ్చేవి మూడు రకాలు. చూపు మానిటర్ మీద ఉంచి, చెయ్యి బల్ల మీద కదుపుతూ గీసే స్క్రీన్ లేని ప్యాడ్ ఒకటి. కంప్యూటర్‌కు తగిలించాల్సిందే గానీ, దాని తెర మీదే నేరుగా గీసుకోగలిగే పెన్ డిస్‌ప్లే రెండోది. ఐప్యాడ్, గెలాక్సీ ట్యాబ్ లాంటివి మూడోది. వీటికి కంప్యూటర్ అక్కర్లేదు.

కొత్తగా కొనేవారి మనసు సాధారణంగా రెండో రకం మీదికో మూడో రకం మీదికో పోతుంది. గీసిన చోటే గీత కనబడాలనుకోవడం సహజమే. కానీ బొమ్మ ఎలా వస్తుందో తేల్చేది తెర కంటే ముందు పెన్ను. ఎంత తేలికగా తాకితే గీత మొదలవుతుంది, నొక్కే కొద్దీ ఎలా లావెక్కుతుంది, చెయ్యి కదిలిన దూరానికీ తెర మీద గీత నడిచిన దూరానికీ లెక్క ఎంత అన్నవి సరిగ్గా కుదిరితే తక్కువ ధర ప్యాడ్‌తో కూడా ఏళ్ల తరబడి మంచి పని చేసుకోవచ్చు. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన తెర ఉన్నా చెయ్యి తడబడుతూనే ఉంటుంది.

పెన్ను లోపల ఏం జరుగుతుంది

ఇప్పుడు దొరికే ప్యాడ్‌లలో దాదాపు అన్నింటి పెన్నులకూ బ్యాటరీ ఉండదు. జపాన్ కంపెనీ వాకమ్ 1983లో మొదలైంది. విద్యుదయస్కాంత అనునాదం మీద నడిచే ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఆ కంపెనీయే. ప్యాడ్ ఉపరితలం కింద ఉన్న సర్క్యూట్ బోర్డు మీద రాగి చుట్లు అల్లి ఉంటాయి. అవి క్షణకాలం అయస్కాంత క్షేత్రాన్ని పంపుతాయి, వెంటనే ఆగి వింటాయి. పెన్ను లోపలి చిన్న కాయిల్ ఆ శక్తినే పుచ్చుకుని తిరిగి సంకేతం పంపుతుంది. ఏ చుట్టు దగ్గర ఆ సంకేతం బలంగా వినబడితే పెన్ను మొన అక్కడ ఉన్నట్టు. మొన మీద ఒత్తిడి పడినప్పుడు సంకేతం కాస్త మారుతుంది, ఎంత గట్టిగా నొక్కారో బోర్డు దాన్ని బట్టి గుర్తుపడుతుంది. హుయాన్, ఎక్స్‌పీ-పెన్ అనే ప్యాడ్ కంపెనీల పెన్నులకు ఒకప్పుడు బ్యాటరీయో ఛార్జింగో కావాల్సి వచ్చేది. ఇప్పుడు అవి కూడా బ్యాటరీ లేకుండానే పనిచేస్తున్నాయి.

ఈ పద్ధతి వల్ల తెలుసుకోవాల్సిన విషయాలు రెండున్నాయి. ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ ప్యాడ్ మీద సాధారణంగా పనిచేయదు. ఒకే కంపెనీలో కూడా ఒక మోడల్ పెన్ను మరో మోడల్‌కు పనికిరాకపోవచ్చు. ఇక ప్యాడ్ కింద ఇనుప బల్ల గానీ, దగ్గర్లో అయస్కాంతం గానీ ఉంటే కర్సర్ వణుకుతుంది. కొత్త ప్యాడ్ పాడైందనుకుని వాపసు పంపే ముందు దాన్ని చెక్క బల్ల మీదికి మార్చి చూడాలి.

పెట్టె మీద అన్నింటికంటే పెద్ద అక్షరాల్లో రాసేది ప్రెషర్ లెవెల్స్, అంటే నొక్కుడులో ఎన్ని స్థాయిలను పెన్ను గుర్తిస్తుందో చెప్పే అంకె. 2048, 4096, 8192, ఇప్పుడు 16384 కూడా వచ్చింది. ఈ అంకెను చూసి ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం. లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. 40 పిక్సెళ్ల లావుండే బ్రష్‌తో గీస్తున్నారనుకుందాం. 8192 స్థాయిలను ఆ 40 పిక్సెళ్లకు పంచితే ఒక్కో పిక్సెల్ లావు మార్పుకు 200కు పైగా స్థాయిలు వస్తాయి. మామూలు 8-బిట్ చిత్రంలో రంగు గాఢతకు ఉండేవే 256 మెట్లు, అంటే ఒక్కో మెట్టుకు 32 స్థాయిలు. 2048 స్థాయిల ప్యాడ్‌లో కూడా ఒక్కో మెట్టుకు 8 వస్తాయి. 8192కూ 16384కూ మధ్య తేడాను కంటితో పట్టుకోవడం కుదిరే పని కాదు. అంగుళానికి ఎన్ని గీతలను ప్యాడ్ విడివిడిగా గుర్తిస్తుందో చెప్పే ఎల్‌పీఐ అనే రిజల్యూషన్ అంకె సంగతీ ఇంతే. 2540 ఎల్‌పీఐ అంటే మిల్లీమీటరుకు 100 గీతలు. 152 మి.మీ. వెడల్పు ప్యాడ్ 1920 పిక్సెళ్ల తెరను నడిపితే ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 8 గీతలు పడతాయి. 5080 ఉంటే మంచిదే, లేకపోయినా లోటేమీ లేదు.

పెట్టె మీద చిన్న అక్షరాల్లో కూడా చాలాసార్లు కనబడనిది, కానీ నిజంగా చూడాల్సింది, గీత మొదలవడానికి కావాల్సిన కనీస ఒత్తిడి. కొత్త తరం పెన్నులకు 2, 3 గ్రాములు చాలని కంపెనీలు చెబుతున్నాయి. పాత చవక పెన్నులకు ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి. ఆ తేడా కనురెప్పల వెంట్రుకలు వేసేటప్పుడు, చెంప మీద నీడను పల్చగా పరిచేటప్పుడు తెలుస్తుంది. తేలికపాటి తాకిడిని పెన్ను గుర్తించకపోతే గీత సన్నగా మొదలవడానికి బదులు ఉన్నట్టుండి లావుగా ఊడిపడుతుంది. దాంతో చెయ్యి గట్టిగా నొక్కడం అలవాటు చేసుకుంటుంది, గంట గడిచేసరికి మణికట్టు నొప్పి మొదలవుతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. క్రిటా అనేది బొమ్మలు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో ఒత్తిడికి లావు మారే బ్రష్ ఒకటి ఎంచుకుని, పెన్నును రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, దాని బరువు మాత్రమే ప్యాడ్ మీద పడేలా పక్కకు లాగాలి. పెన్ను బరువే పది పదిహేను గ్రాములు ఉంటుంది కాబట్టి మంచి పెన్నైతే ఏమాత్రం నొక్కకపోయినా సన్నని గీత పడాలి. గీత పడకపోయినా, మధ్యమధ్యలో తెగినా ఆ పెన్ను నీడలు వేయడానికి, సన్నని గీతలకు ఇబ్బంది పెడుతుంది. తర్వాత స్మూతింగ్ (చేతి వణుకును సాఫ్ట్‌వేరే సరిదిద్దే సదుపాయం) ఆపేసి, ప్లాస్టిక్ స్కేలు పెట్టి, ఏటవాలుగా చాలా నెమ్మదిగా ఒక గీత గీయాలి. వేగంగా గీస్తే ఏ ప్యాడ్ అయినా బాగానే కనిపిస్తుంది, లోపం బయటపడేది నెమ్మదిగా గీసినప్పుడే. గీత అలలు అలలుగా వచ్చిందంటే సెన్సర్ చుట్ల మధ్య లెక్క సరిగ్గా కట్టడం లేదన్నమాట.

ఇక పెన్ను నొక్కుడుకూ గీత లావుకూ మధ్య ఉండే సంబంధాన్ని డ్రైవర్‌లో (ప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) గానీ క్రిటా సెట్టింగ్స్‌లో గానీ మార్చుకోవచ్చు. దాన్నే ప్రెషర్ కర్వ్ అంటారు. శ్రీకాళహస్తి కలంకారీలో వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగినట్టు, ఇక్కడ కూడా ఎంత నొక్కితే ఎంత గీత రావాలో గీసేవారి చేతిని బట్టి కుదుర్చుకోవాలి. పెన్సిల్‌ను గట్టిగా నొక్కి గీసే అలవాటున్నవారు కర్వ్‌ను కాస్త గట్టిగా, తేలిక చెయ్యి ఉన్నవారు మెత్తగా పెట్టుకోవాలి. ఈ పది నిమిషాల పని చేయకుండా నెలల తరబడి ప్యాడ్‌ను తిట్టుకునేవారు చాలామంది.

సైజు లెక్క

చిన్న ప్యాడ్ గీసే చోటు సాధారణంగా 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉంటుంది. వన్ బై వాకమ్ చిన్న మోడల్‌ది 152 × 95 మి.మీ., మీడియంది 216 × 135 మి.మీ. ఈ కొలతలను సొంత తెరతో పోల్చుకోకుండా కొనకూడదు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు సుమారు 345 మి.మీ. చిన్న ప్యాడ్ మీద చెయ్యి 1 సెం.మీ. కదిలితే ఆ తెర మీద గీత దాదాపు 2.3 సెం.మీ. నడుస్తుంది, మీడియం మీద అయితే 1.6. అదే 24 అంగుళాల మానిటర్ అయితే చిన్న ప్యాడ్‌తో 3.5 సెం.మీ. దాకా పోతుంది. చేతిలో పుట్టిన చిన్న వణుకు తెర మీద మూడున్నర రెట్లై కనబడుతుందన్నమాట. ల్యాప్‌టాప్ తెరతోనే పనిచేసేవారికి చిన్న ప్యాడ్ సరిపోతుంది. పెద్ద మానిటర్ ఉంటే మీడియం తప్పనిసరి అనుకోవాలి. మరీ పెద్ద ప్యాడ్ కొంటే బల్ల మీద కీబోర్డ్‌కు చోటుండదు, మోచేతి నుంచి చెయ్యి ఊపి గీసే అలవాటు లేనివారికి భుజం లాగేస్తుంది. స్థోమత ఉంటే మీడియం కొనడమే మంచిది. చిన్న దానికీ మీడియానికీ ధరలో తేడా రెండు మూడు వేలు ఉంటుంది గానీ, చేతికి దొరికే చోటు రెట్టింపవుతుంది.

ఇంకో చిక్కు చాలామంది గమనించరు. ప్యాడ్‌లు ఎక్కువగా 16:10 నిష్పత్తిలో ఉంటాయి, తెరలేమో 16:9లో. డ్రైవర్‌లో ‘నిష్పత్తి ఉంచు’ అనే అర్థం వచ్చే పెట్టెను టిక్ చేయకపోతే గీసిన వృత్తం దాదాపు 11 శాతం అడ్డంగా సాగుతుంది. ప్యాడ్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టి, దాని చుట్టూ గీసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. మూత గుండ్రంగా ఉండి, తెర మీద కోడిగుడ్డు ఆకారం వచ్చిందంటే సెట్టింగ్ మార్చాలి. మార్చాక ప్యాడ్ కింది భాగంలో, చిన్న ప్యాడ్ అయితే సుమారు 9.5 మి.మీ. పట్టీ పనిచేయకుండా పోతుంది, పోతే పోనివ్వాలి. ముఖాలు వేసేవారికే కాదు, తెలుగు అక్షరాలను చేత్తో రాసి లెటరింగ్ చేసేవారికి ఇది మరీ ముఖ్యం. మన లిపిలో వంపులే ఎక్కువ కాబట్టి ఈ వంకర ప్రతి అక్షరంలోనూ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కంప్యూటర్ లేక ఫోన్‌తోనే బొమ్మలు వేసే విద్యార్థులు చాలామంది ఉన్నారు. హుయాన్, ఎక్స్‌పీ-పెన్ ప్యాడ్‌లలో చాలావాటిని ఓటీజీ అడాప్టర్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌కు తగిలించి ఐబిస్ పెయింట్ లాంటి యాప్‌లో వాడుకోవచ్చు. అయితే ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే ప్యాడ్‌లో కొంత భాగమే పనిచేస్తుంది. ఫోన్ తెర వెడల్పే సుమారు ఏడు సెం.మీ. కాబట్టి అది పెద్ద ఇబ్బంది కాదు. ఆ మోడల్ తమ ఫోన్‌తో పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

తెర మీదే గీయాలనుకుంటే

పెన్ డిస్‌ప్లే కంప్యూటర్ లేకుండా పనిచేయదు. ఇది తెలియక, ఐప్యాడ్ లాంటిదే అనుకుని కొని నిరాశపడినవారు ఉన్నారు. దానికి బొమ్మ రావడానికి హెచ్‌డీఎంఐ, పెన్ను పనిచేయడానికి యూఎస్‌బీ, పవర్ కోసం ఇంకో వైరు కావాలి. ఒకే యూఎస్‌బీ-సీ కేబుల్ చాలని చెప్పే మోడళ్లు ఉన్నా, ల్యాప్‌టాప్ పోర్టు వీడియో పంపగలిగేదై ఉండాలి. చవక ల్యాప్‌టాప్‌ల యూఎస్‌బీ-సీ పోర్టుల్లో చాలావాటికి ఆ సామర్థ్యం ఉండదు.

ఇక గాజుకూ కింది తెరకూ మధ్య ఖాళీ ఉంటే పెన్ను మొన ఒక చోట, గీత కాస్త పక్కన కనిపిస్తుంది. దీన్ని పారలాక్స్ అంటారు. లామినేటెడ్ తెర అని రాసి ఉంటే ఆ ఖాళీ దాదాపు లేనట్టే. అంచుల దగ్గర పెన్ను వాల్చి గీసినప్పుడు కర్సర్ పక్కకు జరగడం అన్ని పెన్ డిస్‌ప్లేల్లోనూ కొంత ఉంటుంది, చవక వాటిలో ఎక్కువ. అందుకే 16 అంగుళాల మంచి తెర కొనే డబ్బు లేనప్పుడు 12 అంగుళాల నాసిరకం తెర కొనడం కంటే ఆగడమే నయం.

రంగుల సంగతి ఇక్కడే చెప్పాలి. తెర ఎన్ని రంగులు చూపగలదో ఎన్‌టీఎస్‌సీ అనే ప్రమాణంతో శాతాల్లో చెబుతారు, చవక ల్యాప్‌టాప్ తెరలు చాలావరకు అందులో 45 శాతమే చూపిస్తాయి. ఎర్రటి కుంకుమ రంగు వాటి మీద వెలిసిపోయి కనిపిస్తుంది, దాంతో గీసేవారు ఇంకా ఎరుపు కలిపేస్తారు, ప్రింటులో మండిపోతుంది. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ, అంటే సుమారుగా ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్ బొమ్మలకు మామూలుగా వాడే రంగుల ప్రమాణం) మొత్తం చూపించే ఐపీఎస్ రకం తెర ఉన్న మానిటర్ ఒకటి, మీడియం ప్యాడ్ ఒకటి కొంటే రెండూ కలిపినా చాలా పెన్ డిస్‌ప్లేల కంటే తక్కువకే వస్తాయి. పిల్లల పుస్తకాలకు, కవర్లకు బొమ్మలు వేసేవారికి ఈ జంటను మించింది ఆ ధరలో లేదు. సినిమా వీఎఫ్ఎక్స్ పని చేసేవారు, కంప్యూటర్‌లో 3డీ శిల్పాలు మలిచేవారు కూడా చాలామంది తెర లేని ప్యాడ్‌తోనే రోజంతా పనిచేస్తారు. తల వంచుకుని కూర్చోనక్కర్లేదు, చెయ్యి బొమ్మకు అడ్డం రాదు.

చెయ్యి ఒక చోట, చూపు ఒక చోట అనే ఇబ్బంది నిజమే. రోజూ కాసేపు గీస్తే కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ప్యాడ్‌ను మానిటర్‌కు సరిగ్గా ఎదురుగా, తిన్నగా పెట్టుకోవాలి. పక్కకు వాలిస్తే తిన్నని గీతలన్నీ వాలిపోతాయి. ఎడమచేతి వాటం వారు ప్యాడ్‌ను తలకిందులుగా తిప్పి, డ్రైవర్‌లో ఎడమచెయ్యి అని మార్చుకుంటే బటన్లు కుడివైపుకు వస్తాయి.

ఐప్యాడ్ కొనేవారు పడే పొరపాటు

ఐప్యాడ్ మంచి పరికరమే. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టక్కర్లేని ప్రొక్రియేట్ యాప్ దానికి పెద్ద ఆకర్షణ. కానీ యాపిల్ పెన్సిళ్లు నాలుగు రకాలు, వాటిలో 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు ఒత్తిడిని గుర్తించే శక్తే లేదు. అన్నింటికంటే చవకైనదీ అదే, షాపుల్లో ముందు చూపించేదీ అదే. వాల్చి గీస్తే గుర్తిస్తుంది, నొక్కితే గుర్తించదు. నోట్సు రాసుకోవడానికి బాగుంటుంది, బొమ్మలకు మాత్రం గీత ఎంత నొక్కినా ఒకే లావు. మామూలు ఐప్యాడ్ 10వ తరం, 2025లో వచ్చిన ఏ16 మోడల్ కొనేవారు బొమ్మల కోసమైతే మొదటి తరం పెన్సిల్‌నే అడిగి తీసుకోవాలి, దాన్ని ఛార్జ్ చేయడానికి చిన్న అడాప్టర్ కావాలి. ఎం2, ఎం3 ఐప్యాడ్ ఎయిర్‌లకు పెన్సిల్ ప్రో పనిచేస్తుంది, దానికి ఒత్తిడి గుర్తింపు ఉంది. వెయ్యి, రెండు వేలకు దొరికే వేరే కంపెనీల ఐప్యాడ్ పెన్నుల్లో చాలావాటికి ఒత్తిడి గుర్తింపు ఉండదు. ‘టిల్ట్’ (పెన్ను వాలు) అని రాసి ఉంటే అదే ఒత్తిడి అనుకోకూడదు.

పెన్ను విషయంలో సామ్‌సంగ్ దగ్గర ఇంత గందరగోళం లేదు. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్, ఎస్9 ఎఫ్ఈ లాంటి ఎస్ వరుస ట్యాబ్‌ల పెట్టెలో ఎస్ పెన్ ఉంటుంది. అది వాకమ్ సాంకేతికతతో నడుస్తుంది కాబట్టి గీయడానికి ఛార్జింగ్ అక్కర్లేదు, 4096 స్థాయిల ఒత్తిడి గుర్తిస్తుంది. చవకగా ఉందని ఏ9 లాంటి ‘ఏ’ వరుస ట్యాబ్ తీసుకుంటే దాని మీద ఎస్ పెన్ పనిచేయదు. ప్రయాణాల్లో, హాస్టల్ గదిలో గీసుకునే విద్యార్థికి, కంప్యూటర్ లేనివారికి ఎస్6 లైట్ స్థాయి ట్యాబ్ సరైన ఎంపిక. పెద్ద సైజు ప్రింటు బొమ్మలకు, ఎక్కువ లేయర్లకు (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు) మాత్రం కంప్యూటర్ కావాలి. ఐప్యాడ్‌లో కూడా ప్రొక్రియేట్ ఎన్ని లేయర్లు ఇస్తుందన్నది బొమ్మ సైజు మీద, ర్యామ్ మీద ఆధారపడి ఉంటుంది.

వాపసు గడువు లోపలే చూడాల్సినవి

కొత్త ప్యాడ్ పెట్టె తెరిచిన వెంటనే పాత ప్యాడ్ డ్రైవర్ ఏదైనా కంప్యూటర్‌లో ఉంటే తీసేయాలి. రెండు డ్రైవర్లు ఒకదానితో ఒకటి గొడవపడి ఒత్తిడి పనిచేయకపోవడం మామూలే. కొత్త డ్రైవర్‌ను కంపెనీ సైట్ నుంచే దించుకోవాలి. అయినా ఒత్తిడి రాకపోతే క్రిటా సెట్టింగ్స్‌లో టాబ్లెట్ విభాగానికి వెళ్లి పెన్ను సంకేతాన్ని సాఫ్ట్‌వేర్‌కు అందించే విన్‌టాబ్, విండోస్ ఇంక్ అనే రెండు పద్ధతుల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చి చూడాలి. గీత మొదలయ్యే చోట చిన్న ఆలస్యం, పెన్ను చుట్టూ గుండ్రటి అలలాంటి గుర్తు కనిపిస్తే అది ప్యాడ్ లోపం కాదు. పెన్నును నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ అయ్యే విండోస్ సదుపాయం వల్ల వచ్చేది అది. దాన్ని ఆపేస్తే పోతుంది. ఇవన్నీ చేశాక కూడా నెమ్మది గీత వణికినా, తేలిక గీత తెగినా ఆలోచించకుండా వాపసు పంపేయాలి.

పెన్ను మొన అరిగే వస్తువు. గరుకు ఉపరితలం మీద గీస్తే ఇంకా త్వరగా అరుగుతుంది. మొన ఒక పక్కకు ఏటవాలుగా, పదునుగా తయారైందంటే మార్చేయాలి, లేకపోతే ప్యాడ్ మీద గీతలు పడతాయి. పెట్టెలో అదనపు మొనలు ఎన్ని ఇచ్చారో, విడిగా దొరుకుతాయో లేదో కొనేముందే చూసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం టీచర్లు చాలామంది ప్యాడ్‌లు కొన్నారు. వాటిలో కొన్ని ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. లెక్కలు రాయడానికే వాడినవి కాబట్టి ఉపరితలం పెద్దగా అరిగి ఉండకపోవచ్చు. యూఎస్‌బీ పోర్టు మాత్రం వదులై ఉండే అవకాశం ఎక్కువ. కేబుల్ పెట్టి, గీస్తూనే దాన్ని కాస్త కదిపి చూడాలి, కర్సర్ ఆగిపోతే తీసుకోకూడదు. ప్యాడ్ నాలుగు మూలల్లోనూ గీసి చూడాలి, పెన్ను మీది రెండు బటన్లూ నొక్కి చూడాలి. పెన్ను పోయిందని చెప్పి సగం ధరకే ఇస్తామన్నా సరే, ఆ మోడల్‌కు సరిపోయే పెన్ను విడిగా ఎంతకు దొరుకుతుందో కనుక్కున్నాకే బేరం ఆడాలి. చాలాసార్లు ఆ పెన్ను ధర కలిపితే కొత్త ప్యాడే వచ్చేస్తుంది.